మిషనక్క ఇంటి ఆకుపచ్చ వైరు

మిషనక్క తమ్ముణ్ణి మిషనక్క ముందు ఒక్క మాట అనేంత గుండె ఆ బిల్డింగులో ఎవరికీ లేదు. ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని ముప్ఫై ఏళ్ళుగా అందరి బట్టలూ కుడుతోంది కాబట్టి ఆవిడ మిషనక్క అయింది. తమ్ముడు ఎలక్ట్రీషియను. తల్లి పోయేనాటికి వాడికి ఏడేళ్ళు, ఈవిడకి పదిహేడు. వాడికి తల దువ్విందీ, అన్నం కలిపిపెట్టిందీ, చదువు ఎక్కకపోతే కరెంటు పనిలో పెట్టిందీ అన్నీ ఆవిడే. కాకిపిల్ల కాకికి ముద్దు అంటారు. ఈ పిల్ల నిజంగానే పనిమంతుడు కూడా కావడంతో అక్కగారి మురిపానికి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

వాడి పనిలో ఒక గుర్తు ఉండేది. వైరుకి టేపు చుట్టాక కొసని గోరంత మేర మడిచి వదిలేవాడు, మళ్ళీ విప్పాల్సి వస్తే చటుక్కున దొరికేలా. అది అక్క నేర్పిన అలవాటే. చిన్నప్పుడు దారపు కండెలు సర్దమంటే కొస కనిపించకుండా చుట్టేసేవాడు, వెతుక్కోలేక ఆవిడ ప్రాణం పోయేది. నాలుగు మొట్టికాయలు తిన్నాక మడత నేర్చుకున్నాడు. "చూశారా ఆ మడత? నా దగ్గర నేర్చుకున్నదే," అని ఆవిడ ఎవరింటికి వెళ్ళినా స్విచ్చుబోర్డు లోపల ఉన్న పనిని కూడా చూసినట్టే చెప్పేది.

ఆరేళ్ళ కిందట ఆ బిల్డింగులో మిషనక్కతో కలిపి ఐదు ఇళ్ళవాళ్ళు ఒకేసారి వంటింటి పొగ లాగే చిమ్నీలు కొనుక్కున్నారు. ఏది కొనాలో చెప్పింది తమ్ముడు, బిగించింది తమ్ముడు, మిగతా ఇళ్ళకి వాడి పేరు చెప్పింది మిషనక్క. ఆ రెండు రోజులూ మిషను మూసేసి, వాడి వెనకే మెట్లెక్కి దిగి, ప్రతి గుమ్మంలోనూ నిలబడి, "కళ్ళు మూసుకుని వాడుకోండి, మా వాడు చేసిన పని," అని చెప్పింది.

చిమ్నీ వచ్చిన నెలకే ఆవిడకి షాకు కొట్టడం మొదలైంది. పెద్ద షాకు కాదు. బటను నొక్కబోతే వేళ్ళ చివర చీమలు కుట్టినట్టు జిల్లుమనేది. చెయ్యి తడిగా ఉంటే ఆ జిల్లు మోచేతిదాకా పాకేది. ఒకసారి కాగుతున్న పాలగిన్నె చేతిలోంచి జారిపోయింది. తమ్ముణ్ణి పిలిచింది. వాడు పనిబూట్లతోనే లోపలికొచ్చి, అరచెయ్యి మొత్తం చిమ్నీ రేకుకి ఆనించి నిలబడ్డాడు.

"చూడు, నాకేమైనా అయిందా? అంతా నీ భ్రమక్కా."

కరెంటు పని తెలిసినవాడు, పైగా తన చేతుల్లో పెరిగినవాడు, కళ్ళెదురుగా చెయ్యి పెట్టి చూపిస్తుంటే ఇంక ఏమంటుంది? నమ్మింది. తర్వాత కూడా జిల్లుమంటూనే ఉంది, ఆవిడ అంటూనే ఉంది. బస్సు డిపోలో టైంకీపరుగా చేసే మొగుడు ఆవిడకి 'షాకుల రాణి' అని బిరుదిచ్చాడు. రెండేళ్ళ కిందట ఒకరోజు తమ్ముడే బండి తీసుకొచ్చి, వెనక కూర్చోబెట్టుకుని, నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఏ అక్కకి దక్కుతుంది ఇలాంటి తమ్ముడు అని ఆవిడ దారిపొడుగునా కళ్ళు తుడుచుకుంది. డాక్టరు వేళ్ళు ముడిచి తెరవమని, మోకాలి మీద చిన్న సుత్తితో కొట్టి, నరాల బలహీనత కావచ్చని మాత్రలు రాశాడు. అవి మింగినప్పటినుంచీ మధ్యాహ్నమైతే మగత. కళ్ళు మసకలు కమ్మేవి, చెయ్యి వణికేది. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటివాళ్ళని పిలవాల్సి రావడంతో, సన్నపని ఉన్న బట్టలు ఒప్పుకోవడమే మానేసింది.

ఈమధ్య ఆ చిమ్నీ మోటారు కాలిపోయింది. కొత్తది కొని తెచ్చుకున్నారు. "నేనొచ్చి బిగిస్తా. ఇంకెవర్నీ ముట్టుకోనివ్వకు," అన్నాడు తమ్ముడు. ఆదివారం అన్నాడు, బుధవారం అన్నాడు, మళ్ళీ ఆదివారం అన్నాడు. కొత్త చిమ్నీ అట్టపెట్టెలో, ఇంటినిండా పోపు ఘాటు. పాపం వాడికి ఊపిరాడనంత పని, నా వల్ల ఇంకో తలనొప్పి ఎందుకు అనుకుని మిషనక్క షాపుకి ఫోను చేసింది. కొన్నవాళ్ళకి బిగించడానికి వాళ్ళే మనిషిని పంపుతారట. తమ్ముడి మీద జాలిపడి ఆవిడ చేసిన పని అది. జాలి ఎక్కడికి దారితీస్తుందో ఎవరికి తెలుసు!

వచ్చినాయన యాభై దాటిన మనిషి. దళసరి కళ్ళద్దాలు, నింపాదైన నడక. రాగానే పని మొదలుపెట్టకుండా మెయిన్ బోర్డు ఎక్కడుందో అడిగాడు. వంటింటి బ్రేకరు దించి, దాని మీద 'పని జరుగుతోంది, వేయొద్దు' అని రాసిన చీటీ అంటించాడు. ముందుగదిలో కరెంటున్న ప్లగ్గులో టెస్టరు పెట్టి వెలుగుతోందని చూసుకుని, తర్వాత చిమ్నీ వైరుకి పెట్టాడు. వెలగలేదు. మళ్ళీ ముందుగదికి వెళ్ళి ప్లగ్గులో పెట్టాడు.

"అదేంటండీ, ఇందాకే చూశారుగా?" అంది మిషనక్క.

"టెస్టరే చచ్చిపోయి ఉంటే, వైరులో కరెంటు లేదని నన్ను నమ్మిస్తుంది కదమ్మా. అందుకని రెండుసార్లు అడుగుతాను."

ఆవిడకి నవ్వొచ్చింది. మా తమ్ముడైతే ఈపాటికి సగం పని అవగొట్టేవాడు అనుకుంది, పైకి కూడా అంది. ఆయన ఏమీ అనుకోలేదు. ఇద్దరూ కలిసి పాత చిమ్నీని దించారు. ఆయన స్క్రూలు విప్పుతుంటే కింద ఆవిడ రెండు చేతులా పట్టుకుంది. గోడలోంచి మూడు వైర్లు బయటికొచ్చి ఉన్నాయి: ఎర్రది, నల్లది, ఆకుపచ్చది. ఆయన వాటిని విడివిడిగా ఉంచి, ఆవిణ్ణి దూరంగా నిలబడమని, బ్రేకరు వేసి మీటరు పట్టాడు.

"ఎర్రదానికీ నల్లదానికీ మధ్య రెండొందల ముప్ఫై. బాగుంది. ఇప్పుడు ఎర్రదానికీ ఆకుపచ్చదానికీ పెడుతున్నా. ఇక్కడ కూడా దాదాపు అంతే చూపించాలి."

మీటరులో అంకెలు ఇరవై, ముప్ఫై మధ్య కాసేపు తడుముకుని ఆగిపోయాయి. ఆయన మళ్ళీ బ్రేకరు దించాడు.

"ఎర్తు లేదమ్మా."

"లేకపోవడమేంటి? మా తమ్ముడు వేసిన వైరింగు."

"వైరైతే కనిపిస్తోంది, పని మాత్రం చెయ్యట్లేదు. మధ్యలో ఎక్కడో తెగి ఉంటుంది. కరెంటు దారి తప్పి చిమ్నీ రేకులోకొస్తే, నేలలోకి పంపేసేది ఈ ఆకుపచ్చ వైరు. ఇది లేకపోతే ఆ దారి తప్పిన కరెంటు మనిషి కోసం కాసుకుని కూర్చుంటుంది. ఇది చూడకుండా నేను బిగించను."

అల్మారా పైన గోడలో ఒక చిన్న పెట్టె ఉంది, వైర్లు కలిసే చోటు. స్టూలెక్కి దాని మూత విప్పాడు. తర్వాత దిగి, "మీరోసారి ఎక్కి చూడండమ్మా," అన్నాడు.

ఎర్రవీ నల్లవీ శుభ్రంగా కలిపి ఉన్నాయి. బోర్డు నుంచి వచ్చే ఆకుపచ్చ వైరు మాత్రం కోసేసి, వెనక్కి వంచి, టేపు చుట్టి ఉంది. ఆ టేపు కొస గోరంత మేర మడిచి ఉంది.

"ఇది తెగింది కాదు, కోసింది," అన్నాడు ఆయన కిందనుంచి. "పాతదాని మోటారు మొదటినుంచీ కరెంటు కారుస్తున్నట్టుంది. ఎర్తు ఉంటే, కరెంటు కారగానే ఆపేసే ట్రిప్పరు పడిపోతుంది. అది పడకుండా ఉండాలని ఎర్తే తీసేశారు. కుక్క మొరుగుతోందంటే దొంగ వచ్చాడేమో చూడాలి గానీ కుక్క నోరు కట్టేస్తే ఎలా? అవునూ, మీకెప్పుడూ షాకు కొట్టలేదా?"

ఆరేళ్ళలో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. మిషనక్క స్టూలు మీదే ఉండిపోయింది. ముక్కూమొహం తెలియని మనిషి ఎదురుగా, అల్మారా అంచు పట్టుకుని బావురుమంది. ఆయన కంగారుపడిపోయి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

ఆ తర్వాత పని చకచకా జరిగిపోయింది. ఆయన టేపు చుట్టిన ముక్క వరకూ కోసి తీసేసి, ఆకుపచ్చ వైరుకి కొత్త ముక్క కలిపి, బిగుతుగా ఉందో లేదో లాగి చూసి, మీటరు పెట్టాడు. రెండొందల ఇరవై తొమ్మిది. కొత్త చిమ్నీ బిగించి స్విచ్చేశాడు, ట్రిప్పరు కదల్లేదు. ట్రిప్పరు మీదున్న చిన్న బటను నొక్కితే టక్కున పడింది. "నెలకోసారి ఇలా నొక్కి చూసుకోండి. పడకపోతే మనిషిని పిలవండి," అని చెప్పి, కాగితం మీద సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆ టేపు ముక్కని మాత్రం మిషనక్క అడిగి తీసుకుంది.

తడిచేత్తో ఆవిడ కొత్త చిమ్నీ బటను నొక్కింది. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కింది. తన వేళ్ళకి ఏ జబ్బూ లేదని ఆరేళ్ళ తర్వాత తెలిస్తే మనిషికి సంతోషం కలగాలి. ఆవిడకి కలగలేదు. తమ్ముడికి ఫోను చేసి, "ఒకసారి రా," అని పెట్టేసింది.

సాయంత్రం నాలుగింటికి వచ్చాడు, భుజాన పనిసంచీతో. వంటింట్లోకి తొంగిచూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఎవరు బిగించారు? నేనొస్తానన్నానుగా!"

మిషనక్క కుట్టుబల్ల మీద ఆ ముక్క పెట్టింది.

"ఈ మడత ఎవరిదిరా?"

వాడు దాన్ని చూశాడు, ఆవిణ్ణి చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

"అక్కా, ఆ చిమ్నీలు నేనే చెప్పి కొనిపించాను. బిగించి స్విచ్చేస్తే ట్రిప్పరు పడింది. మళ్ళీ వేస్తే మళ్ళీ పడింది. పెట్టె విప్పాక వెనక్కి తీసుకోనన్నాడు షాపువాడు. నువ్వేమో గుమ్మంలో నిలబడి అందరికీ నా గొప్ప చెప్తున్నావు. ఏం చెయ్యను? అప్పటికి గట్టెక్కుదామని కోశాను. కొస మడిచి పెట్టానుగా, మళ్ళీ వచ్చి విప్పుదామనే."

"ఆరేళ్ళయిందిరా."

"రేపు రేపు అనుకుంటూ..."

"చెయ్యి ఆనించి చూపించావే?"

"రబ్బరు బూట్లు. అవుంటే తెలీదు."

"డాక్టరు దగ్గరికెందుకు తీసుకెళ్ళావు?"

వాడు తల దించుకున్నాడు. మిషనక్క ఊరుకోలేదు. మళ్ళీ అడిగింది, అదే గొంతుతో, అవే మాటలతో. మూడోసారికి చెప్పాడు.

"నువ్వు షాకు షాకు అని కనబడ్డవాళ్ళందరికీ చెప్తున్నావు. ఎవరైనా ఇంకో మేస్త్రీని పిలిచి పెట్టె విప్పిస్తారేమోనని భయమేసింది. జబ్బని తేలితే... ఊరుకుంటావనుకున్నా."

ఆవిడకి వాణ్ణి కొట్టాలనిపించింది. పాలగిన్నె జారిన రోజు గుర్తొచ్చింది, దారం ఎక్కించమని పక్కింటి గుమ్మంలో సూది పట్టుకుని నిలబడ్డ రోజులు గుర్తొచ్చాయి, బండి మీద వాడి నడుం పట్టుకుని ఏడ్చిన ఏడుపు గుర్తొచ్చింది. అన్నిటికంటే ఆ ఏడుపే ఎక్కువ సిగ్గనిపించింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు.

"మిగతా నాలుగిళ్ళలో?"

"అన్నీ అంతే."

"దేవుడా!"

"అక్కా, విను. కొత్త ఆసుపత్రిలో కరెంటు పనులకి నన్ను పెద్ద మేస్త్రీగా వేస్తున్నారు. వచ్చేవారం కాగితం చేతికొస్తుంది. ఈ మాట బయటికి పొక్కితే అది పోతుంది, లైసెన్సు పోతుంది, నా మొహం ఎవడూ చూడడు. ఇప్పుడే వెళ్దాం. అక్క ఇంట్లో చూశాను, మీది కూడా చూసిపోతా అంటాను. వైరు కలిపేస్తా. ట్రిప్పరు పడితే మోటారు పాతబడింది, కొత్తది కొనుక్కోండి అని చెప్తా. నువ్వు పక్కనుంటే చాలు, ఎవరూ ఏమీ అడగరు. తల్లివైనా తండ్రివైనా నువ్వే కదక్కా నాకు."

ఎవరూ ఏమీ అడగరు. నిజమే. ఆ బిల్డింగులో వాడి పనికి హామీ ఆవిడ నోటిమాటే. ఆ మాటని ఇంకొక్కసారి అరువిమ్మంటున్నాడు. తప్పని ఆవిడకి తెలుసు. తెలిసీ లేచింది, చెప్పులేసుకుంది. ఈ కథ చెబుతున్నంతసేపూ ఆవిణ్ణి తిట్టాలని నాకు నోటిదాకా వచ్చింది గానీ, ఏడేళ్ళ పిల్లాణ్ణి పెంచి పెద్దచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే ముందు వాళ్ళని తిట్టనివ్వండి. వైర్లు కలిసిపోతే చాలు, ప్రాణాలు నిలబడితే చాలు, ఎవరు కోశారో ఎవరికెందుకు అని తనకి తాను సర్దిచెప్పుకుంటూ మెట్లెక్కింది.

రెండో అంతస్తులో టీచరమ్మ ఉంటుంది. బడినుంచి అప్పుడే వచ్చినట్టుంది, భుజాన సంచీ ఇంకా తియ్యలేదు. వెనక ఆరేళ్ళ కూతురు తలుపు చాటునుంచి చూస్తోంది.

"రండి రండి మిషనక్కా. తమ్ముడుగారు కూడా వచ్చారే!"

"మా ఇంట్లో కొత్త చిమ్నీ పెట్టాం," అంది మిషనక్క. "మీది కూడా వీడు ఓసారి చూస్తానంటే..."

"చూడటానికేముందండీ, బాగానే పనిచేస్తోంది. నాకే, అప్పుడప్పుడూ జిల్లుమంటుంది. మీకున్న జబ్బే."

"నాకున్న జబ్బా?"

"అదేనండీ, నరాలది. ఏడాది కిందట తమ్ముడుగారికి చెప్తే, చిమ్నీలో ఏమీ లేదండీ, మా అక్కక్కూడా అచ్చం ఇంతే, డాక్టరు మాత్రలిచ్చారు, మీరూ చూపించుకోండి అన్నారు. అడ్రసు కూడా ఆయనే ఇచ్చారు. మీరు వాడుతున్నారంటే ధైర్యమొచ్చి నేనూ మొదలుపెట్టాను." టీచరమ్మ నవ్వింది. "మా పిల్ల మరీనండీ. వేలు పెట్టిందట, చిమ్నీ కొరికిందమ్మా అంటుంది. నన్ను చూసి నేర్చుకుని అబద్ధాలాడుతోందని నిన్న రెండు అంటించాను."

మిషనక్క వెనక్కి తిరిగి తమ్ముడి మొహం చూసింది. వాడు పనిసంచీ పట్టీని వేళ్ళకి చుట్టుకుంటూ, "ముందు చిమ్నీ చూద్దామండీ," అని గుమ్మంలోకి అడుగు పెట్టబోయాడు.

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"టీచరమ్మగారూ, ముందు వెళ్ళి మీ వంటింటి బ్రేకరు దించండి. ఆ చిమ్నీ జోలికి ఎవరూ వెళ్ళకండి."

"ఏమైందండీ?"

"అక్కా," అన్నాడు వాడు, మెల్లగా.

"మీ నరాలకి ఏ జబ్బూ లేదు. నాకూ లేదు. నేను వాడుతున్నానని మీరు వాడారు, అదొక్కటి నన్ను క్షమించండి. డాక్టరుకి ఈ సంగతంతా చెప్పి అడగండి. పాప అబద్ధమాడలేదు. మీ చిమ్నీకి ఎర్తు వైరు కోసేసి ఉంది. కోసింది వీడే. నా తమ్ముడు."

టీచరమ్మ మొహంలో రంగులు మారాయి. ఒక చెయ్యి వెనక్కి వెళ్ళి పిల్ల తలని వెతికి పట్టుకుంది. "అయితే... ఇప్పుడు ఆయన్నే బాగుచెయ్యమంటారా?" అని అడిగింది, అలవాటు కొద్దీ. ఇంటి కరెంటు సంగతి వస్తే ఆ బిల్డింగులో అందరూ మిషనక్కనే అడుగుతారు.

"వద్దు. వీణ్ణి లోపలికి రానివ్వకండి. కళ్ళద్దాలాయన ఒకరున్నారు, నంబరు ఇస్తాను."

బ్రేకరు దించిన చప్పుడు విని గానీ ఆవిడ చెయ్యి తియ్యలేదు. తమ్ముడి కళ్ళనిండా నీళ్ళు. వాడి కళ్ళలో నీళ్ళు చూసి ఊరుకోవడం ఆవిడకి జన్మలో అలవాటు లేదు. అందుకని చూడలేదు.

"నన్ను నువ్వే ముంచేస్తావా అక్కా? ఇంకెవరైనా అయితే సరే. నువ్వా?"

సరిగ్గా అదే మాట పొద్దుటినుంచీ ఆవిడ గుండెలో తిరుగుతోంది. వాడు తన నోటితో అనేశాడు. ఆవిడ ఎదురింటి తలుపు దగ్గరికి నడిచి గంట నొక్కింది.

"ఎవరూ?" అని లోపల్నుంచి వినిపించింది.

"నేనే, మిషనక్కని. మా తమ్ముడు మీ ఇంట్లో చేసిన పని గురించి ఒక మాట చెప్పాలి."